గీత దాటిన ఎరుపు

కళాశాల గ్రంథాలయంలో అతన్ని పేరుతో పిలిచేవారు లేరు. అధ్యాపకులకూ, విద్యార్థులకూ, చివరకు నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చే మనిషికి కూడా అతను కేటలాగు సారే. పుస్తకం చేతికందిన మరుక్షణం దాన్ని ఏ వర్గంలో చేర్చాలో, వీపు మీద ఏ సంఖ్య అంటించాలో అతనికి తెలిసిపోయేది. ఒకే గ్రంథకర్త ఇంటిపేరు రెండు కార్డుల మీద రెండు తీరుల్లో కనబడిందంటే ఆ పూట అతనికి ముద్ద దిగేది కాదు. అన్నీ ఒక పద్ధతిలో ఉండాలి. ఒకదానికి వర్తించిన నియమం అన్నిటికీ వర్తించాలి. లోకం మీద అతనికున్న కోరిక అంతకుమించి ఏమీ లేదు.

అటువంటి మనిషికి నడివయసు దాటుతుండగా ఫోటోల పిచ్చి పట్టుకుంది. ఎవరో వాడి వదిలేసిన కెమెరా ఒకటి కొన్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం పైనున్న గదిలో ఆదివారం పూట జరిగే శిక్షణ తరగతిలో చేరాడు. ఫోటోలను కంప్యూటర్లో దిద్దుకోవడానికి, కొత్తవాళ్ళ కోసమే తయారుచేసిన చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకున్నాడు.

"ఈ వయసులో నీకిదేం పోయేకాలంరా?" అంది అక్క, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే. "పుస్తకాల దుమ్ము చాల్లేదా, ఇప్పుడు మనుషుల మొహాల దుమ్ము కూడా దులుపుతావా?"

"దులపడం కాదక్కా, దిద్దడం."

"అయితే ముందు నీ జుట్టు దిద్దుకో. పిచ్చుక గూడు పెట్టినట్టుంది."

ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. అక్క భర్త పోయి చాలా ఏళ్ళయింది. తమ్ముడు పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. మూడో అంతస్తులో, లిఫ్టు లేని పాత భవనంలో రెండు గదుల వాటా. ముందుగదిలో అక్క కుట్టుమిషను. లోపలి గదికి కిటికీ ఉందన్న మాటేగాని దానికి ఎదురుగా పక్క భవనపు గోడ. అందువల్ల పగలు కూడా పసుపురంగు బల్బు వెలుగుతూ ఉండాల్సిందే. ఆ వెలుగులో తెల్లచొక్కా గంధం రంగులోకీ, మనిషి ముఖం కాల్చిన మట్టి రంగులోకీ తిరిగేవి.

శిక్షణ ఇచ్చే ఆమె ఒకప్పుడు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి విసిగిపోయిన మనిషి. మాటలో చమత్కారమూ చురకా సమపాళ్ళలో ఉండేవి. తరగతిలో అందరికంటే పెద్దవాడని కేటలాగు సారును ముందు వరసలో కూర్చోబెట్టింది.

"ముందు ఇంట్లో ఉన్న ఒక మొహాన్ని తీసుకోండి. రోజూ చూసే మొహమైతే దాని అసలు రంగేంటో మీకు తెలుసు. తెరమీద బొమ్మని ఆ రంగుకి తీసుకురండి. అది వస్తే సగం చదువు వచ్చినట్టే."

ఇంట్లో ఉన్న మొహం అక్కదే. ఒక రాత్రి మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న అక్కను, ఆమె వద్దంటున్నా వినకుండా, అతను ఫోటో తీశాడు. తెరమీద చూస్తే ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టు ముఖమంతా ఎర్రగా కందిపోయి ఉంది. ముందుగదిలో రాత్రిళ్ళు వెలిగేదీ అలాంటి పసుపు బల్బే, ఇది దాని పని. అతను వారమంతా ఆ ముఖం ముందు కూర్చున్నాడు. ఎరుపు తగ్గించే మీటను వెంట్రుకవాసి జరిపి చూశాడు. పసుపును వెనక్కి లాగాడు. చర్మం మీది మచ్చలూ గీతలూ మెత్తబడే మీటను కొద్దిగా ముందుకు తోశాడు. చివరకు, మబ్బుపట్టిన ఉదయం డాబా మీద అక్క ముఖం ఎలా ఉంటుందో అచ్చం అలాంటి ఛాయ తెరమీదికి వచ్చింది. అతనికి కళ్ళు చెమర్చినంత పనైంది.

ఆ మీటలన్నీ ఎక్కడెక్కడ ఆగాయో సాఫ్ట్‌వేర్ ఒక మూసగా దాచిపెట్టుకుంటుందట. దానికొక పేరు పెట్టమని అడిగింది. అతను రెండో ఆలోచన లేకుండా 'అక్క' అని కొట్టాడు. దాని కింద చిన్న గడి ఒకటి కనిపించింది: ఇకమీదట చేర్చే ఫోటోలన్నిటికీ ఈ మూసను వర్తింపజేయాలా? జీవితమంతా అతను ఎదురుచూసిన ప్రశ్న అది. తృప్తిగా ఆ గడిలో టిక్కు పెట్టాడు.

తరగతిలో ఆ సంగతి చెబితే శిక్షకురాలు నవ్వింది. "మంచిదే సార్. కాకపోతే మూస కూడా కింద షాపులో అమ్మే కళ్ళజోడు లాంటిదే. పెట్టుకున్న కాసేపటికి, పెట్టుకున్నామని మర్చిపోతాం."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

*

కొన్నాళ్ళకు అక్క మెట్ల మీద జారిపడింది. రెండో అంతస్తు మలుపులో విరిగిన కమ్మీ ఒకటి బయటికి పొడుచుకుని ఉండేది. అది కుడికాలి పిక్కను వెలుపలి వైపు చీల్చింది. ఆసుపత్రిలో కుట్లు వేశారు. కుట్లు విప్పాక గాయం ఒక కొసన నోరు తెరిచింది. చుట్టూ చర్మం ఎర్రబడింది. డాక్టరమ్మ ఆ ఎరుపు అంచు వెంబడి కాలి మీద నల్లటి పెన్నుతో గీత గీసింది, పటం మీద సరిహద్దు గీసినట్టు.

"మాత్రలు రాస్తున్నాను. ఎరుపు ఈ గీత లోపలే ఉండి చిన్నదైపోతూ వస్తే భయం లేదు. గీత దాటిందంటే మాత్రం వెంటనే తీసుకొచ్చేయాలి."

"మూడంతస్తులు దిగి రావాలంటే నా వల్ల కాదమ్మా," అంది అక్క. "ఈ కాలు బాగయ్యేలోపు ఆ మెట్ల మీద రెండోది విరుగుతుంది."

డాక్టరమ్మ ఆలోచించింది. "పోనీ, రోజూ పొద్దున కట్టు మార్చేటప్పుడు ఒక ఫోటో తీసి పంపండి. గీత కనపడాలి. కొలతకి పక్కన ఏదో ఒకటి పెట్టండి, రోజూ అదే వస్తువు. మీలో ఫోటోలు తీయడం ఎవరికి వచ్చు?"

అక్క తమ్ముడి వైపు చూసింది. అతను నిటారుగా కూర్చున్నాడు.

ఇందులో డాక్టరమ్మకు తెలియని చిక్కు ఒకటుంది. కేటలాగు సారు నెత్తురు చూడలేడు. కూర తరుగుతూ అక్క వేలు తెగితేనే గోడ పట్టుకుని నిలబడే మనిషి. పుండును కళ్ళతో చూడటం అతనికి అసాధ్యం. కానీ కెమెరా వెనక చిన్న తెరలో చూడవచ్చునని మొదటి రోజే కనుక్కున్నాడు. అక్క కట్టు విప్పినంతసేపూ గోడకేసి తిరిగి నిలబడేవాడు. ఆమె "ఊఁ" అనగానే కెమెరాను ముఖానికి అడ్డంగా ఎత్తుకుని తిరిగేవాడు. తెరలో అది పుండు కాదు. వెలుగూ నీడా, ఒక గీత. కొలత కోసం అక్క దారాల డబ్బాలోంచి ఎర్ర దారం రీలు ఒకటి తీసి మంచం మీద కాలి పక్కన నిలబెట్టేవాడు. ఫ్రేములో ఒక మూల గట్టి రంగు ఉంటే బొమ్మకు నిండుదనం వస్తుందని తరగతిలో చెప్పారు.

"ఫోన్‌తో తీసి పడెయ్యరాదూ?" అనేది అక్క, కాలు చాపుకుని విసుగ్గా.

"ఫోన్ రంగుల్ని నమ్మలేమక్కా. తనిష్టం వచ్చినట్టు మార్చేస్తుంది."

కెమెరాలోని కార్డును కంప్యూటర్లో పెట్టేవాడు. ఫోటో సాఫ్ట్‌వేర్‌లోకి చేరేది. చేరిన రెప్పపాటులో, తెరకు ఒక మూల చిన్న చక్రం తిరిగి ఆగేది. దాన్ని అతను గమనించేవాడు కాదు. అక్కణ్నుంచి ఫోటో డాక్టరమ్మకు వెళ్ళేది.

డాక్టరమ్మ జవాబులు పొట్టిగా ఉండేవి. 'బాగుంది.' 'తగ్గుతోంది.' ఒకరోజు మాత్రం ఫోన్ చేసింది. "ఎంత స్పష్టంగా తీస్తున్నారండీ! మిగతావాళ్ళు పంపేవి చూస్తే కాలో చెయ్యో కూడా తెలీదు. ఎరుపు దాదాపు పోయింది. మాత్రలు అయిపోయాయిగా? ఇంక అక్కర్లేదు. మందు రాసి కట్టు కడుతూ ఉండండి చాలు."

ఆ రోజు అతను గ్రంథాలయంలో ఇద్దరు ముగ్గురికి ఆ సంగతి చెప్పుకున్నాడు.

ఇంట్లో అక్క మాత్రం మూతి ముడుచుకునే ఉండేది. "డాక్టరమ్మకేం, బాగుందంటుంది. మంటగా ఉందిరా. లోపల నిప్పు కణిక పెట్టినట్టుంది."

"మానేటప్పుడు అలాగే ఉంటుందక్కా."

"నీకెన్ని పుళ్ళు మానాయని?"

ఆమెకు మోకాలి నొప్పి వస్తే మిన్నూ మన్నూ ఏకం చేయడం, తలనొప్పి వస్తే తన చావు తర్వాత దారాల డబ్బా ఎవరికివ్వాలో చెప్పడం అలవాటు. అందుకని అతను నవ్వి ఊరుకునేవాడు. ఒక ఉదయం ఆమె చేతి అద్దాన్ని పిక్క వెనక పెట్టి చాలాసేపు చూసుకుంది.

"ఎర్రగానే ఉందిరా ఇది. నిన్నటికంటే ఎర్రగా ఉంది."

"బల్బు వెలుగులో అన్నీ ఎర్రగానే కనపడతాయి. నీ మొహం చూశావుగా ఆ వేళ, ఎలా వచ్చిందో? కంటికి కనపడేదీ ఉన్నదీ ఒకటి కాదక్కా. వెలుతురు మోసం చేస్తుంది. అందుకే రంగుల్ని సరిచూడాలి." కంప్యూటర్‌ను మంచం దగ్గరికి తెచ్చి చూపించాడు. "ఇదిగో, చూడు. గీత లోపల ఎక్కడో కాస్త గులాబీ రంగు. అంతే."

అక్క తెరకేసి చూసింది, అద్దంలోకి చూసుకుంది, మళ్ళీ తెరకేసి చూసింది.

"ఏమోరా. నీ కంప్యూటర్లో ఉన్న కాలు బాగానే ఉంది. నా ఒంటికున్నదే బాలేదు."

"డాక్టరమ్మ కూడా చూసిందిగా."

"చూసిందిలే," అని అద్దాన్ని బోర్లించింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఆమె మంట గురించి మాట్లాడలేదు. అతను దాన్ని శుభసూచకంగా లెక్కవేశాడు.

*

ఆదివారం మధ్యాహ్నం. వచ్చే వారం తరగతికి ఒకే వస్తువును వరసగా తీసిన ఫోటోల మాల ఒకటి తయారుచేసి తెమ్మన్నారు. కేటలాగు సారు బుర్రకు వెంటనే తట్టింది అక్క కాలే. మానుతున్న గాయం! ఇంత క్రమంగా, ఒకే కోణంలో, ఒకే దూరంలో, రోజూ ఒకే వేళకు ఇంకెవరు తీసి ఉంటారు? లోపలి గదిలో అక్క నిద్రపోతోంది. ముందుగదిలో, బట్ట కప్పిన కుట్టుమిషను పక్కన, అతను కంప్యూటర్ తెరిచి ఫోటోలన్నీ ఒక వరసలో పేర్చాడు.

జేబులో ఏదో గుచ్చుకుంటుంటే తీశాడు. పొద్దున ఫోటో తీసి, ఆదివారం కదా తర్వాత పంపుదామనుకుని, డబ్బాలో పెట్టడం మరచి జేబులో వేసుకున్న దారం రీలు. దాన్ని కంప్యూటర్ పక్కన పెట్టి మళ్ళీ తెరకేసి చూశాడు. చేతిలోని పని ఆగిపోయింది.

బల్లమీది రీలు పండుమిరపకాయలా భగ్గుమంటోంది. తెరమీది రీలు వానకు నానిన పాత ఇటుకలా ఉంది.

తెరలో ఏదో లోపం అనుకున్నాడు. వెలుతురు పెంచి చూశాడు, తగ్గించి చూశాడు. రీలును తెరకు ఆనించి పట్టుకున్నాడు. ఒకే గ్రంథకర్త రెండు కార్డుల మీద రెండు పేర్లతో కనబడినట్టు అతనికి మొదట చిరాకు వేసింది. ఆ చిరాకు అడుగునుంచి ఇంకొకటి మెల్లగా పైకి వచ్చింది. ఎరుపు ఒక్క రీలు నుంచే పోదు కదా.

దిద్దక ముందున్న ఫోటోను సాఫ్ట్‌వేర్ పారెయ్యదు, కింద దాచిపెట్టుకుంటుంది. 'అసలు' అన్న చిన్న మీట మీద నొక్కితే చూపిస్తుంది. అతను నొక్కాడు.

తెరమీద రీలు ఎర్రబడింది. రీలుతో పాటు కాలూ ఎర్రబడింది.

మొదటి రోజు ఫోటోలో ఎరుపు గీతను ఆనుకుని ఉంది. తర్వాత నిజంగానే కొంత లోపలికి తగ్గింది. మాత్రలు తమ పని చేశాయి. ఆ పైన, మాత్రలు ఆపిన తర్వాతి ఫోటోల్లో, అది మళ్ళీ గీత దాకా వచ్చింది. ఒక ఉదయం గీతను తాకింది. మరునాడు దాటింది. నిన్నటి ఫోటోలో గీత ఎర్రటి నేల మధ్య ఎవరూ పట్టించుకోని పాత గట్టులా ఉంది. ఎరుపు మడమ వైపు దిగుతోంది. అంచున ఒకచోట చర్మం ఊదారంగుకు తిరిగింది. 'అసలు' మీంచి వేలు తీయగానే అదంతా మాయమై, మబ్బుపట్టిన ఉదయపు ఛాయలో నున్నగా, ఆరోగ్యంగా, అందంగా ఒక కాలు ప్రత్యక్షమయ్యేది. ఫోటో కింద, వర్తింపజేసిన మూస పేరు చిన్న అక్షరాల్లో ఉంది: అక్క.

ఆ పేరును అతను మళ్ళీ మళ్ళీ చదివాడు.

ఆ స్థితిలో కూడా బుద్ధి తన పని తాను చేసుకుపోవడం అతనికి తెలుస్తూనే ఉంది. గడిలోని టిక్కు తీసేయవచ్చు. ఇప్పుడే వెళ్ళి ఇంకొక ఫోటో తీసి, ఏమీ దిద్దకుండా పంపవచ్చు. రాత్రికి రాత్రి ముదిరిందని డాక్టరమ్మ అనుకుంటుంది. వెంటనే రమ్మంటుంది. అక్కకు జరగవలసిన వైద్యం జరుగుతుంది, ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపరు. అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. అడగనిది చెప్పకపోవడం, అంతే. అతని వేలు గడి దాకా వెళ్ళి టిక్కు తీసేసింది కూడా.

"ఒరేయ్," అని లోపల్నుంచి పిలుపు వినబడింది. "దుప్పటి కప్పరా. చలేస్తోంది."

బయట ఎండ పేలిపోతోంది. ఫ్యాను గాలే వేడిగా వీస్తోంది. అతను లోపలికి వెళ్ళాడు. అక్క ముడుచుకుని పడుకుని ఉంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. దుప్పటి కప్పబోయి, ఆగి, గాయమైన తర్వాత మొదటిసారి అతను కెమెరా లేకుండా ఆ కాలికేసి చూశాడు. కట్టు కింద, కట్టు పైన, కట్టుకు ఇరువైపులా చూశాడు. పాదం ఉబ్బి చర్మం మెరుస్తోంది. మంచం కోడు పట్టుకున్నాడు.

ముందుగదిలోకి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. చలిజ్వరమన్నాడు, వాపు అన్నాడు. ఆమె అటునుంచి గబగబా ప్రశ్నలు వేసింది.

"నిన్నటి దాకా బానే ఉందిగా! ఒక్కరోజులో అంత పాకిందా? అలా అయితే అది మామూలు ఇన్ఫెక్షన్ కాదండీ. లోపల కండని తినేసే రకం. ఆపరేషన్ గది సిద్ధం చేయిస్తాను. మోకాలి పైదాకా కోయాల్సి రావచ్చు, ఆమెకి చెప్పి ఉంచండి."

"డాక్టరుగారూ." అన్నాడతను. "ఒక్కరోజులో కాదు. చాలా రోజులైంది."

"మీరు పంపిన ఫోటోలు నా ముందే ఉన్నాయి."

"అవి దిద్దినవి. నేను నేర్చుకుంటున్నాను కదా, సాఫ్ట్‌వేర్... మా అక్క ముఖం కోసం ఒక మూస చేసి పెట్టాను. ఎరుపు తగ్గించేది. అది అన్నిటికీ పడేట్టు నేనే పెట్టాను. మర్చిపోయాను."



"అంటే నేను ఇన్నాళ్ళూ చూసింది ఆ కాలు కాదా?"

"కాలు అదే. రంగు నాది."

"అసలువి ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అన్నీ పంపండి. ఇప్పుడే. మీరు ఏమీ ముట్టుకోకుండా." ఫోన్ పెట్టేసింది.

*

అక్కను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు కిందికి దించారు. విరిగిన కమ్మీ ఉన్న మలుపు దగ్గర ఆమె ఒళ్ళు కాలిపోతున్నా కళ్ళు తెరిచి, "ఊరేగింపు బానే ఉంది గానీ బాజాలేవిరా? పిలవడం మర్చిపోయావా?" అంది. మోస్తున్నవాళ్ళు నవ్వారు. ఒక మెట్టు కిందుగా ముందు నడుస్తున్న తమ్ముడు నవ్వలేకపోయాడు.

కాలు పోలేదు. పిక్కలో చెడిపోయిన భాగాన్ని తొలగించారు. తొడమీంచి చర్మం తీసి అతికారు. పాదం పైకెత్తే శక్తి ఎంత తిరిగి వస్తుందో, అసలు వస్తుందో రాదో, కొన్ని నెలలు గడిస్తేగాని చెప్పలేమన్నారు. అక్క మిషను తొక్కేది ఆ కాలితోనే.

నడవాలో డాక్టరమ్మ అతన్ని ఆపింది. "పాత ఫోటోలు చూశాక, మెల్లగా పాకిన రకమే అని తెలిసింది కాబట్టి తక్కువ కోశాం. మీరు చెప్పకపోయి ఉంటే ఇంకా పైదాకా వెళ్ళేవాళ్ళం. అలాగని చెప్పినందుకు మిమ్మల్ని మెచ్చుకోలేను."

"వద్దండి."

"నా తప్పూ ఉంది. ఆమె ఎలా ఉందని ఒక్కసారి కూడా ఆమెనే ఫోన్లో అడగలేదు నేను." కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

జ్వరం దిగాక అక్క అడిగింది: "డాక్టరమ్మ ఏదో చెప్పింది. నాకు సగమే అర్థమైంది. ఆ ఫోటోలు పట్రా."

అతను కంప్యూటర్ తెచ్చి మంచం మీద పెట్టి తెరిచాడు. 'అసలు' మీట ఎక్కడుందో చూపించాడు. అక్క కుట్టుపని చేసి మొద్దుబారిన వేలితో దాన్ని నొక్కింది, వదిలింది, నొక్కింది, వదిలింది. కాలు మండింది, చల్లారింది, మండింది, చల్లారింది. పక్క మంచం మీది మనిషికి తోడుగా వచ్చినామె మెడ సాచి చూసి, ఏదో మందు ప్రకటన అనుకుని తల తిప్పుకుంది.

"ఇక్కడేదో రాసుంది. కళ్ళజోడు లేదు, ఏంటది?"

అతను చదవలేదు. అక్క కంప్యూటర్‌ను చేతులతో దూరంగా జరిపి, కళ్ళు చికిలించి, తనే చదువుకుంది. ఆ ఒక్క మాట చదవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"నా పేరున పెట్టావా దీన్ని!"

"నీ ముఖం కోసం చేసిందక్కా. నువ్వు బాగా కనపడాలని..."

"బాగా కనపడ్డానులే."

మూత వేసి కంప్యూటర్‌ను అతని వైపు తోసింది. దుప్పటి అంచును రెండు వేళ్ళతో పట్టుకుని, ఎప్పటి అలవాటో, కుట్టు గట్టిగా ఉందో లేదో చూస్తూ కూర్చుంది.

"మంటగా ఉందని చెప్పానా నేను?"

"చెప్పావు."

"ఎర్రగా ఉందని చెప్పానా?"

"చెప్పావు."

"మరప్పుడు నువ్వేం విన్నావురా?"

అతను కంప్యూటర్‌ను ఒళ్ళోకి తీసుకుని మూత మీది దుమ్ము తుడవసాగాడు. అక్క అది చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

*

ఇంటికి తెచ్చాక డాక్టరమ్మ మళ్ళీ రోజూ ఫోటో పంపమంది. "మామూలు ఫోన్‌తో," అని నొక్కి చెప్పింది. "కిందనే, ఆమె ఎలా ఉందంటోందో కూడా రాయండి."

ఆదివారం తరగతులకు వెళ్ళడం అతను మానేశాడు. కెమెరా దారాల డబ్బా పక్కన, కప్పిన మిషను మీద ఉండిపోయింది. అక్క అతనితో అవసరమైనవే మాట్లాడేది: మంచినీళ్ళు, మందు, తలుపు. వెక్కిరింతలు లేవు. పిచ్చుక గూడు జుట్టు గురించి కూడా ఏమీ అనడం లేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించేది. అడగడానికి నోరు వచ్చేది కాదు.

ఒక ఉదయం మంచాన్ని ముందుగదిలోకి జరిపి, వీధివైపు బాల్కనీ తలుపు బార్లా తెరిచాడు. పగటి వెలుగు నేరుగా మంచం మీద పడింది. అక్క కట్టు విప్పడం మొదలుపెట్టింది. అతను గోడకేసి తిరగలేదు. మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. పట్టీ చివరి పొర ఊడి వస్తుండగా రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. అతికిన చర్మం అక్కడక్కడ నల్లగా, అక్కడక్కడ తడిగా ఉంది. అంచు వెంబడి సన్నటి ఎరుపు ఉంది.

అక్క అతన్ని గమనిస్తోంది.

"ఎలా ఉందక్కా?" అన్నాడు. ఇన్నాళ్ళలో ఫోటో తీయకముందు ఆ మాట అడగడం అదే మొదలు.

విప్పిన పట్టీని ఉండచుడుతూ అంది ఆమె: "నీకెలా కనపడుతోంది?"

"ఎర్రగా ఉంది. అంచున."

"నిన్నటికంటేనా?"

అతను వంగి చూశాడు. వెలుతురు వైపు జరిగి చూశాడు. నిన్న కనబడిన రంగును గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. కళ్ళముందు మబ్బుపట్టిన ఉదయపు ఛాయ ఒకటి వచ్చి అడ్డంగా నిలబడింది. ఎంత తోసినా పోలేదు.

"చెయ్యి పెట్టి చూడు," అంది అక్క.

అరచేతి వెనకభాగాన్ని ఎరుపు పక్కన ఆనించాడు. వేడిగా ఉంది. ఒంటి వేడా, కాలి వేడా, ఎండలో ఉన్నందుకు వచ్చిన వేడా? రెండో కాలి మీద పెట్టి చూశాడు. మళ్ళీ ఈ కాలి మీద పెట్టాడు.

"నాకు తెలియడం లేదక్కా."

"మంట మాత్రం ఉంది," అంది ఆమె. "నిన్నంత లేదు. కానీ ఉంది. రాత్రి రెండుసార్లు లేపింది."

దారాల డబ్బాలోంచి ఎర్ర రీలు తీసి కాలి పక్కన ఆమే నిలబెట్టింది. అతను ఫోన్‌తో ఫోటో తీశాడు. బొమ్మ కాస్త వంకరగా వచ్చింది. ఒక మూల అతని నీడ పడింది. మళ్ళీ తీయలేదు. కింద రాయడం మొదలుపెట్టాడు: 'మంట నిన్నంత లేదు, కానీ ఉందని, రాత్రి రెండుసార్లు లేపిందని మా అక్క చెబుతోంది. అంచున ఎరుపు ఉంది. పెరిగిందో తగ్గిందో నాకు తెలియడం లేదు.'

"ఏం రాశావో చదువు," అంది అక్క.

చదివాడు. ఆమె కొత్త పట్టీ చుట్టుకుంటూ విన్నది.

"రెండుసార్లు కాదు, మూడు. దిద్దు," అంది.

అతను దిద్ది పంపాడు. ఇద్దరూ ఫోనుకేసి చూస్తూ డాక్టరమ్మ జవాబు కోసం కూర్చున్నారు.